క్యూ రకం, బస్సు రకం, దుప్పటి రకం

ఆగువా మన్సాలో ఎవరైనా ఫోన్ పట్టుకుని నికనోర్ ఇంటికి వెళితే, ఆయన మొదట అడిగే ప్రశ్న ఏ సినిమా కావాలని కాదు. ఎక్కడ చూస్తావని.

"ఎక్కడేంటి బాబాయ్? ఫోన్లో చూస్తా."

"ఆ ఫోన్ ఎక్కడుంటుందిరా అని అడుగుతున్నా. ఎండలోనా, బస్సులోనా, దుప్పటి కిందా?"

కొత్తవాళ్ళు నవ్వేవాళ్ళు. పాతవాళ్ళు మాత్రం గుమ్మంలోంచే "క్యూ రకం ఒకటి, దుప్పటి రకం రెండు" అని కేకేసి, మెమరీ కార్డు కిటికీ గట్టు మీద పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు.

క్యూ రకం అంటే ఎండలో నిలబడి చూసేది. చీకటి దృశ్యాలన్నిటికీ వెలుగు పెంచుతాడు, సంగీతాన్ని అణిచి మాటల్ని పైకి లేపుతాడు, కింద వచ్చే అక్షరాల్ని బొద్దింకలంత చేస్తాడు. బస్సు రకంలో శబ్దం మీద ఆశ వదులుకోవాలి. ప్రతి మాటా అక్షరాల్లో ఉంటుంది, ముఖాలు దగ్గరికి జరిగి ఉంటాయి, ఎందుకంటే మన బస్సుల్లో కుదుపుకి ముక్కూ మూతీ ఒకటైపోతాయి. దుప్పటి రకం పక్కన పడుకున్నవాళ్ళ కోసం చేసేది. వెలుగు చల్లారిపోయి ఉంటుంది, తుపాకీ పేలితే ఎవరో దగ్గినట్టు వినిపిస్తుంది. ఆ రకం వల్ల ఊళ్ళో రెండు కాపురాలు నిలబడ్డాయని నికనోర్ చెల్లెలు దిగ్న అంటుంది. ఏ రెండో మాత్రం చెప్పదు.

నికనోర్ మొదట కొండల్లో సినిమా వేసేవాడు. ఇరవై ఏళ్ళ వయసులో, లారీ వెళ్ళినంత దూరం లారీ మీద, అక్కణ్ణుంచి కంచరగాడిద మీద ప్రొజెక్టరు కట్టుకుని వెళ్ళేవాడు. ఒక ఊళ్ళో ఇంకా పది నిమిషాల సినిమా ఉందనగా జనరేటరు ఆగిపోయింది. ఎంత కొట్టినా లేవలేదు. వర్షాలు పడి, దారులు తెగి, మళ్ళీ ఆ ఊరు వెళ్ళేసరికి నలభై రోజులు దాటింది. తెర కట్టేసరికి జనమంతా వచ్చి, ఆ రోజు ఎవరెక్కడ కూచున్నారో అక్కడే కూచున్నారు. బాలింతరాలు ఒకామె అప్పుడు కడుపుతో కూచున్న రాతి మీదే, ఇప్పుడు బిడ్డతో కూచుంది. "మొదట్నుంచీ వేస్తాను" అన్నాడు నికనోర్. "అక్కర్లేదు బాబూ, వాడు తలుపు తోస్తున్నాడు, అక్కణ్ణుంచి వెయ్యి" అన్నారంతా. మనిషి పెళ్ళిరోజు మర్చిపోతాడేమోగానీ, సినిమా ఎక్కడ ఆగిందో మర్చిపోడని ఆయనకి ఆ రోజు తెలిసింది.

తర్వాత ఇరవై ఎనిమిదేళ్ళు ఊళ్ళో గ్లోరియా హాల్లో పని చేశాడు. తుపానుకి హాలు పైకప్పు ఎగిరిపోయింది. కుర్చీల్లో కొన్ని పళ్ళ డాక్టరు దగ్గరికీ, కొన్ని మంగలికొట్టుకీ చేరాయి. ఇప్పటికీ పన్ను పీకించుకోవడానికి వెళ్ళినవాడు కూచుంటే కుర్చీ ఎర్రగా, మెత్తగా, 'జి' వరస పద్నాలుగో నంబరుగా ఉంటుంది. అన్నేళ్ళు సినిమాలు వేసినా నికనోర్ ఒక్కదాని ముగింపూ సరిగా చూడలేదు. ఆ సమయానికి చెయ్యి దీపాల మీటల మీద, చూపు గోడమీది గంట మీద ఉండేవి. ఆ అలవాటు పోలేదు. ఇప్పుడూ సినిమా ఆఖరి నిమిషం వచ్చేసరికి లేచి, కంప్యూటరు మీదికి తిప్పిన ఫ్యాను ఆపడానికి వెళ్ళిపోతాడు.

ఆ కంప్యూటరు చచ్చిన మూడింటిలోంచి బతికించిన ఒకటి. పక్క రేకు లేదు, లోపలి పేగులన్నీ కనిపిస్తుంటాయి. దాన్ని చల్లబరిచే ఫ్యాను దిగ్నది. కంప్యూటరు సినిమాని చిన్నది చేస్తున్నంతసేపూ ఇంట్లో ఇస్త్రీపెట్టె పెట్టకూడదు, పెడితే వీధి మొత్తం ఆరిపోతుంది.

"ఈ ఇంట్లో సినిమా ఉంటే ఇస్త్రీ లేదు, ఇస్త్రీ ఉంటే సినిమా లేదు. ఆరేళ్ళుగా ముడతల్లోనే బతుకుతున్నా" అని దిగ్న ప్రార్థనకి వెళుతూ పాస్టరుకి చెప్పేది.

సినిమాని ఫోన్లో పట్టించడమంటే చిన్న సంచిలో పెద్ద కాపురం సర్దడం లాంటిదని నికనోర్ లెక్క. బొమ్మంతా చుక్కలు. సంచిలో పట్టేవి ఇన్ని చుక్కలే. అందరూ వాటిని తెరంతా సమానంగా చల్లేస్తారు. నికనోర్ అలా కాదు. "ఆకాశానికెందుకయ్యా అన్ని చుక్కలు? తలెత్తితే కనబడేదేగా. ముఖానికివ్వు" అని ఆకాశాన్ని సున్నం కొట్టిన గోడలా నున్నగా చేసి, మిగిలిన చుక్కలు కళ్ళకీ పెదాలకీ పంచేవాడు. సముద్రం నీలం బకెట్టులా ఉందని ఒకాయన ఫిర్యాదు చేస్తే, "నీ పెరటి గోడ దిగితే సముద్రమే, వెళ్ళి చూసుకో" అన్నాడు.

సర్కారు లైసెన్సు ఇచ్చే పనుల జాబితాలో ఈ పనికి పేరు లేదు. అందుకని ఆయన లైసెన్సు గొడుగులు బాగుచేసేవాడిదిగా ఉండేది. గుమ్మం దగ్గర ఒక నల్లగొడుగు, రెండు ఊచలు విరిగినది, ఆరేళ్ళుగా బాగవుతూ వేలాడేది. ఇన్‌స్పెక్టరు ఒనేలియో నెలకోసారి వచ్చి, దాన్ని తెరిచి, మూసి, "ఇంకా కాలేదా?" అని అడిగి వెళ్ళేవాడు. "ఊచ దొరకడం లేదు" అనేవాడు నికనోర్. మర్యాద మర్యాదగానే నడిచేది.

అలా ఉండగా లెక్కల టీచరు యుసిమి తన సినిమా తెచ్చింది. ఊళ్ళోవాళ్ళతో ఊళ్ళోనే తీసింది, ఇరవై రెండు నిమిషాలు. పెళ్ళికొడుకు ఒకడు, నిలువుటద్దం ఉన్న బీరువాని మూడు చక్రాల రిక్షా మీద వేసుకుని, రైల్వేస్టేషన్ నుంచి పెళ్ళికూతురి ఇంటిదాకా తొక్కుకుంటూ వెళతాడు. అంతే కథ. కానీ దారిపొడుగునా ఊరంతా ఆ అద్దంలో పడుతుంది. బీరువా ఎందుకంత బరువుందో ఎవరికీ తెలీదు. ఎత్తు వచ్చినచోటల్లా పెళ్ళికొడుకు కళ్ళు తేలేస్తాడు.

"లోపల ఏముందమ్మా?" అన్నాడు నికనోర్.

"ఆఖర్న తలుపు తెరుచుకుంటుంది బాబాయ్. లోపల చీకటి. ఆ చీకటిని మాత్రం ముట్టుకోకండి. నా మీద ఒట్టు."

"చీకటికి చుక్కలే అక్కర్లేదు. నాకూ సుఖమే."

యుసిమి సందులో సగం దూరం వెళ్ళి, వెనక్కి వచ్చి, "నిజంగా ముట్టుకోరుగా?" అని మళ్ళీ అడిగింది.

మర్నాడు గురువారం. ఊళ్ళోకి కోడిమాంసం బండి వస్తోందన్న కబురు తెల్లారకముందే వచ్చింది. మా ఊళ్ళో క్యూ అంటే ఒకరి వెనక ఒకరు నిలబడరు. వచ్చినవాళ్ళు "చివర ఎవరు?" అని అడుగుతారు, ఒకరు చెయ్యెత్తుతారు. ఆ ముఖం గుర్తుపెట్టుకుని, ఎవరికి నచ్చిన నీడలో వాళ్ళు కూచుంటారు. వరస నేలమీద ఉండదు, బుర్రల్లో ఉంటుంది. యాభై అరవై ఏళ్ళుగా అది తప్పలేదు.

ఆ రోజు అందరికన్నా ముందు వచ్చినవాడు అమన్సియో, ఉప్పు గోడౌన్ రిటైర్డు కాపలాదారు. నికనోర్ కొత్త సినిమా క్యూ రకం అతనికిచ్చాడు. అది ఆయన పద్ధతి. మొదటివాడికి ఇస్తే చాలు, వాడు తన వెనకవాడి ఫోన్‌కి పంపుతాడు, వాడు తన వెనకవాడికి. అడ్డదారిన పక్కవాడి దగ్గర తీసుకోవడం అమర్యాద. బండి ఆలస్యమైంది కాబట్టి అమన్సియో పదిన్నర దాటాక సినిమా మొదలెట్టి, వెనకావిడకి పంపాడు. ఒకరి నుంచి ఒకరికి చేరడానికి అరనిమిషం. చేరీ చేరగానే ఎవరిది వాళ్ళు మొదలెట్టారు. నలభై ఒక్క మంది ఉన్నారు. వీధి నిశ్శబ్దమైపోయింది. ప్రతివాడూ అద్దంలో తనకోసం వెతుక్కుంటున్నాడు.

బండి వచ్చింది. మాంసం కొట్టావిడ తలుపు తీసి, కత్తి కొయ్య మీద కొట్టి, "మొదటివాళ్ళు రండి!" అంది.

ఎవరూ కదల్లేదు.

"మొదట ఎవరయ్యా?"

"అమన్సియో" అన్నారు నలుగురైదుగురు.

అమన్సియో ఫోన్లోంచి తలెత్తాడు. "నేను కాదు. నేను ఆ నర్సు వెనకాల."

విషయమేమిటంటే, అతను మధ్యలో ఇంటికెళ్ళి కాఫీ తాగి వచ్చాడు. సినిమా చూస్తూనే వెళ్ళి, చూస్తూనే వచ్చాడు. దారిలో దీపస్తంభానికి క్షమాపణ చెప్పాడు కూడా. క్యూ దగ్గరికి రాగానే నలభై ఏళ్ళ అలవాటు చొప్పున నోరు తనంతట తనే "చివర ఎవరు?" అంది. అప్పటికి చివరున్న నర్సు, ఫోన్లోంచి తల తిప్పకుండా చెయ్యెత్తింది.

మొదటివాడే ఆఖరివాడి వెనకాల చేరాడు. వరస గుండ్రంగా తిరిగి గాజు అయి కూచుంది.

"అయితే మొదటిదాన్ని నేను" అంది అమన్సియో వెనకావిడ.

"నువ్వెలా? నువ్వు అమన్సియో వెనకాల. అమన్సియో ఆఖర్న. అంటే నువ్వు ఆఖరి తర్వాత!"

"గాజుని ఎక్కడ తెంపినా గాజేగా, నా ముందు తెంపండి."

"నీ ముందెందుకు, నీ మొహం చూసా?"

మిగతా వాళ్ళ సంగతి తవ్వితే మరీ ఘోరం. మధ్యలో లేచి వెళ్ళొచ్చినవాళ్ళంతా అలాగే అడిగారు, సినిమా ధ్యాసలో ఎవరు అడిగినా ఎవరో ఒకరు చెయ్యెత్తారు. ఒకరి వెనక ముగ్గురున్నారు. ఒకావిడ తన వెనక తనే ఉంది. గొడవ అంటుకోగానే అందరూ ముందు చేసిన పని సినిమా ఆపడం, ఆ తర్వాతే అరవడం. గొడవలో పడి అద్దంలో తమ ముఖం పోగొట్టుకోవడం ఎవరికీ ఇష్టం లేదు.

ఇన్‌స్పెక్టరు ఒనేలియో వచ్చాడు. రెండు నెలలుగా అతని మెడ ఎడమకి వంగి, తిరక్కుండా ఉండేది. దిండు పడలేదని చెప్పేవాడు. అందుకని ఎవరితో మాట్లాడాలన్నా మనిషి మొత్తం తిరగాల్సి వచ్చేది. తిరిగి, తిరిగి, సంగతంతా విని, రెండు కాగితాల మీద ఏదో రాసి, నికనోర్‌ని పిలిపించాడు.

"గొడుగుల మేస్త్రీ, ఈ సినిమా నీదేనా?"

"యుసిమిది. చుక్కలు నావి."

"పన్నెండుకి కొట్టు మూస్తారు. మూసేలోగా వరస తేలకపోతే బండి వెనక్కి పోతుంది. అప్పుడు నలభై ఒక్క కుటుంబాలకి కోడి అందకపోవడానికి కారణం ఒక గొడుగు రిపేరువాడని ఇదిగో, రాసేశాను. సంతకం ఒక్కటే మిగిలింది. నీ లైసెన్సూ పోతుంది, ఆ పేగుల డబ్బాకి సీలూ పడుతుంది."

 అరవై తొమ్మిదేళ్ళ వయసులో నికనోర్‌కి ఇంకో పని రాదు. గొడుగులు బాగుచెయ్యడం అసలే రాదు. పదకొండూ పది. నలభై ఒక్క మంది ఫోన్లు చేతుల్లో పట్టుకుని, అరుస్తూ కూడా బొటనవేలితో తెర ఆరిపోకుండా నిమురుతున్నారు. ఆ బొటనవేళ్ళని చూస్తుంటే ఆయనకి కొండమీది ఊరు, రాతి మీద బిడ్డతో కూచున్న ఆవిడ గుర్తొచ్చారు. వాడు తలుపు తోస్తున్నాడు, అక్కణ్ణుంచి వెయ్యి.

కొట్టు మెట్టెక్కి, గ్లోరియా హాల్లో టార్చిలైటు పట్టుకుని అరిచిన గొంతుతో అరిచాడు. "ఎవరూ ఎవరి వెనకో చెప్పొద్దు! సినిమా ఎక్కడ ఆగిందో చెప్పండి!"

అందరూ ఎవరి ఫోన్ వాళ్ళు చూసుకున్నారు.

"ముందు వచ్చినవాడికి సినిమా ముందు చేరింది. ముందు చేరినవాడు ఎక్కువ చూశాడు. అవునా కాదా? నీది ఎక్కడ ఆగింది, అమన్సియో?"

"పెళ్ళికూతురి గుమ్మం. రిక్షా దించుతున్నారు."

"నువ్వు ఇక్కడ. తర్వాత?"

"ఉప్పు గోడౌన్ దాటింది!" "గోడౌన్ ముందు కుక్క మొరుగుతోంది!" "బేకరీ దగ్గర మా ఆయన కనబడుతున్నాడు, ఆ చొక్కా వద్దని చెప్పాను!" అంటూ ఒక్కొక్కరే వచ్చి చేరారు. బేకరీ, వంతెన, చర్చి, మందులకొట్టు, స్టేషన్. నర్సు దగ్గర ఇంకా పేర్లే పడుతున్నాయి. ఆమె తల వంచుకుని ఆఖరికి నడిచింది.

సోయిలా అవ్వకి ఫోనే లేదు. "నాకు ఫోను లేకపోతేనేం, మెడ ఉంది. వీడి భుజం మీంచి చూశా. చర్చి గంట కొడుతుంటే వీడి చెవి అడ్డమొచ్చింది" అంది.

"అయితే ఆ చెవి వెనకాల నిలబడు అవ్వా."

బార్బరో మాత్రం వచ్చి అమన్సియో పక్కనే నిలబడ్డాడు. చేపలు పడతాడు, చేపలకన్నా జారుడు మనిషి. "నాదీ గుమ్మం దగ్గరే ఆగింది, కావాలంటే చూడండి" అని ఫోన్ చూపించాడు. నిజమే, గుమ్మమే.

"వేలితో ముందుకి లాగాడు దొంగ!" అన్నారెవరో.

"రుజువేంటి?"

నికనోర్ అతన్ని ఎగాదిగా చూశాడు. "సరే బార్బరో. వంతెన మీద నువ్వు ఎలా ఉన్నావ్?"

"నేనా? నేను ఉన్నానా?"

వీధి మొత్తం గొల్లుమంది. సినిమాలో వంతెన మీద గాలం వేస్తూ, అద్దం నిండా, పొట్ట బయటపెట్టుకుని నిలబడినవాడు బార్బరోయే. ఏడు సెకన్లు ఉన్నాడు. ఈ ఊళ్ళో తనని తాను చూసుకోకుండా ముందుకెళ్ళే మనిషి ఇంకా పుట్టలేదు. బార్బరో సినిమాని వెనక్కి లాక్కుంటూ, తన పొట్ట వెతుక్కుంటూ వెళ్ళి, వంతెనకి ముందే ఉన్న చర్చి వాళ్ళ మధ్య నిలబడ్డాడు.

పదకొండూ పాతిక. వరస తేలింది. కొట్టు మెట్టు నుంచి మందులకొట్టు మలుపుదాకా నలభై ఒక్క మంది, నలభై చిన్న తెరలు, ప్రతిదాంట్లో రిక్షా కొద్దిగా వెనక, ఇంకొద్దిగా వెనక. నికనోర్ జీవితమంతా చేత్తో తడిమిన రీలు ఎండలో పరిచినట్టుగా ఉంది. గోళ్ళతో అంచు పట్టుకోవాలనిపించింది ఆయనకి.

"మొదటివాళ్ళు!" అంది కొట్టావిడ.

అమన్సియో కదల్లేదు. "ఒక్క నిమిషన్నర. తలుపు తెరవబోతున్నారు."

"కోడి కావాలా, బీరువా కావాలా?"

"రెండూ ఇక్కడే ఉన్నాయిగా తల్లీ, ఎక్కడికీ పోవు."

అతని వెనకావిడా అంతే, ఆ వెనకవాడూ అంతే. ఒనేలియో మనిషంతా నికనోర్ వైపు తిరిగి, కలం మూత తీశాడు.  ఆగిన సినిమా ఆడితే తప్ప జనం కదలరని నికనోర్‌కన్నా బాగా ఎవరికి తెలుసు? "అందరూ ఒకేసారి ఆడించండి!" అని అరిచాడు.

నిమిషన్నర తర్వాత అమన్సియో ఫోన్‌ని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. దూరంగా పెట్టుకున్నాడు. తర్వాత తలెత్తి ఒనేలియో వైపు చూశాడు. మళ్ళీ ఫోన్ చూశాడు. అతని పొట్టలోంచి ఒక నవ్వు బయల్దేరింది. నవ్వుతూనే మెట్టెక్కి కోడి తీసుకున్నాడు. అరనిమిషానికి వెనకావిడ కెవ్వున అరిచి, ఒనేలియోని చూసి, చేత్తో నోరు మూసుకుని మెట్టెక్కింది. ఇంకో అరనిమిషానికి ఇంకొకడు.

"ఏంటది?" అన్నాడు ఒనేలియో.  అతని చెవులు మాత్రం ముందే ఎర్రబడ్డాయి.

నికనోర్ పక్కవాడి ఫోన్లోకి తొంగిచూశాడు. బీరువా తలుపు తెరుచుకుంది. లోపల యుసిమి కోరిన చీకటి లేదు. క్యూ రకంలో చీకటికి వెలుగు పెంచడం ఆయన చేతికి ఎంత అలవాటంటే, ఆమెకిచ్చిన మాట దుప్పటి రకం దగ్గర గుర్తుంది, క్యూ రకం దగ్గర చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. ఆ వెలుగులో బీరువా అడుగున, మోకాళ్ళు గడ్డానికి ఆనించి, మెడ ఎడమకి వంచి, రొట్టె తింటూ ఇన్‌స్పెక్టరు ఒనేలియో. అతని ముఖానికి చుక్కలు కూడా దండిగా పడ్డాయి. రొట్టెలో ఉల్లిపాయ ఉన్నట్టు కూడా తెలుస్తోంది.

"బరువు కావాలంది ఆ పిల్ల" అన్నాడు ఒనేలియో మెల్లగా, వీధి వైపు చూస్తూ. "ఖాళీ బీరువా లాగితే పెళ్ళికొడుక్కి చెమట పట్టడం లేదట. మంగళవారం. ఆఫీసు వేళ."

"నాకు తెలీదు. నేను ముగింపులు చూడను" అన్నాడు నికనోర్. అది నిజమే, కానీ ఎవరు నమ్ముతారు?

వీధి వెంట నవ్వు అరనిమిషానికొకటి చొప్పున వెనక్కి జరుగుతూ వెళ్ళింది. నవ్వినవాడు నవ్వినట్టే మెట్టెక్కి కోడితో దిగాడు. ఒక్కరూ తోసుకోలేదు, ఒక్కరూ ఇంకొకరికి అడ్డుపడలేదు. అంత క్రమశిక్షణ గల క్యూ ఆ కొట్టు ముందు అంతకు ముందు లేదు. సోయిలా అవ్వ తన చెవివాడి ఫోన్లో చూసి, "నా తండ్రే, అంత ఇరుకులో ఏం తిన్నావురా?" అని ఒనేలియో వీపు నిమిరి వెళ్ళింది. పన్నెండుకి పన్నెండు నిమిషాలుందనగా నర్సు కూడా నవ్వేసి వెళ్ళిపోయింది.

"ఆ వెలుగు తగ్గించొచ్చా?" అన్నాడు ఒనేలియో.

"దుప్పటి రకంలో ఏమీ కనబడదు."

"అందరికీ దుప్పటి రకం ఇవ్వలేకపోయావా?"

"వాళ్ళు ఎండలో ఉన్నారుగా."

అంతలో కొట్టావిడ మళ్ళీ కొయ్య మీద కొట్టింది. "ఇంకా కోళ్ళున్నాయి. ఎవరైనా ఉన్నారా?"

దిగ్న పొద్దున్నే సంచి ఇచ్చి పంపిందన్న సంగతి నికనోర్‌కి అప్పుడు గుర్తొచ్చింది. ఖాళీ వీధి వైపు చూశాడు. అయినా పద్ధతి పద్ధతే కదా.

"చివర ఎవరు?" అన్నాడు.

ఒనేలియో తల తిప్పలేకపోయాడు, చెయ్యెత్తాడు.

నికనోర్ అతని వెనక నిలబడ్డాడు. ఒనేలియో మెట్టెక్కాడు. కొట్టావిడ కోడిని చేత్తో పట్టుకుని, "సంచేదీ?" అంది. ఆఫీసు నుంచి వచ్చినవాడు సంచి తెస్తాడా? కాసేపు జేబులు తడుముకుని, చంకలోని ఫైలు తెరిచి, రాసిన రెండు కాగితాలు తీసి, గట్టుమీద పరిచాడు. కొట్టావిడ కోడిని వాటిలో చుట్టి ఇచ్చింది. సంతకం చెయ్యాల్సిన చోటే ముందు తడిసింది.

పై నెల ఒనేలియో వచ్చి, గొడుగు తెరిచి, మూసి, "ఇంకా కాలేదా?" అన్నాడు.

"ఊచ దొరకడం లేదు."

"చూడు, చూడు" అన్నాడు ఒనేలియో. వెళుతూ వెళుతూ కిటికీ గట్టు మీద తన మెమరీ కార్డు పెట్టాడు. ఏ రకమో చెప్పలేదు.